వియత్నాం వారి విందు



హోటల్లో భోజనం అనగానే మన ఆడవాళ్ళకు సగం సంతోషం, సగం సందేహం. ఒక పూటైనా పొయ్యి ముఖం చూడనక్కర్లేదన్నది సంతోషం. ఆ వంట ఏ నూనెతో చేశారో, ఏ గరిటె తీసి ఎందులో పెట్టారో అన్నది సందేహం. ఇక అది మనం పేరైనా సరిగా పలకలేని దేశపు వంట అయితే, పైగా ఆ హోటల్లోనే ఒక పక్కన మద్యం కూడా పోస్తారంటే, సంతోషం కాస్తా ఎగిరిపోయి సందేహమే మిగులుతుంది. అలాంటి చోటికి వెళ్ళి, నా నియమం చెడకుండా, పిలిచినవాళ్ళ మనసు నొప్పించకుండా ఎలా తిని వచ్చానో ఈవేళ మీతో చెప్పుకుందామనుకుంటున్నాను.

మా అమ్మాయి కాపురం అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో. కిందటేడు పురిటికి నన్ను రమ్మన్నది. నాకు వీసా వచ్చి, సున్నుండలూ కారప్పొడులూ సర్దుకుంటూ వుండగానే నెలలు నిండకుండా పురుడు వచ్చింది. నేను వెళ్ళేసరికి పది రోజులైంది. ఆ పది రోజులూ నా బిడ్డను కనిపెట్టుకుని వున్నది పక్కింటి ముసలావిడ. ఆవిడది వియత్నాం దేశం. బాలింతరాలు చన్నీళ్ళు ముట్టరాదనీ, గాలికి తిరగరాదనీ, ఒళ్ళు వెచ్చగా వుంచుకోవాలనీ, వంటలో అల్లం దండిగా పడాలనీ వాళ్ళకూ పట్టింపే. అక్కడి డాక్టర్లు వెంటనే లేచి తిరగమంటారు, మా అమ్మాయి ఎటూ తేల్చుకోలేక కూర్చుంటే, ఈవిడ వచ్చి తలకు గుడ్డ కట్టి, వేడి వేడి అన్నంలో అల్లం వేసి పెట్టిందట. అది విన్నప్పుడు నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

పాప మూడో నెలలో పడ్డాక ఆవిడ మమ్మల్నందరినీ విందుకు పిలిచింది. వాళ్ళ అబ్బాయి కొత్తగా హోటలు తెరిచాడు, అక్కడికి రమ్మన్నది. మా అల్లుడు ఆ హోటలు బోర్డు సంగతి చెబుతూ, "వియత్నాం వంటకాలు, ఫుల్ బార్ అని వుంది అత్తయ్యగారూ" అన్నాడు. ఆ రెండో మాట నా చెవిన పడగానే "నేను రాను, మీరు వెళ్ళిరండి" అనేశాను.

ఎందుకంత పంతమని మీరు అడగవచ్చు. మా పెద్దక్క సంసారం తాగుడు వల్లనే చితికిపోయింది. బావగారు చేతిలో డబ్బు లేనప్పుడు ఇత్తడి బిందె కూడా తీసుకుపోయాడు. ఆ బిందె కోసం అక్క సారా కొట్టు ముందు నిలబడడం నా చిన్నతనంలో నా కళ్ళతో చూశాను. అందుకని ఆ వాసన వచ్చే చోట కూర్చుని అన్నం తినడం నావల్ల కాదనుకున్నాను. పైగా ఆవిడ పిలిచిన రోజు పౌర్ణమి. ఆ రోజున నేను అసలే బయట ముట్టను. ఇదొక సాకు కూడా దొరికింది నాకు.

మా అమ్మాయి వాదించలేదు. ఒక్క మాట అన్నది. "అమ్మా, ఆవిడ నా ఇంటికి వచ్చినప్పుడు మన వంటింట్లో ఏముందో, ఏం తాకవచ్చో, ఏం తాకకూడదో ముందు అడిగి తెలుసుకుని మరీ వచ్చింది. నువ్వు అడక్కుండానే వద్దంటున్నావు" అన్నది. ఆ మాటకు నా దగ్గర సమాధానం లేదు. బయల్దేరాను.

దారిలో మా అల్లుడు వాళ్ళ కథ చెప్పాడు. 1975 ఏప్రిల్ 30న సైగాన్ నగరం ఉత్తర వియత్నాం సేనల వశమైంది. ఆ ఏడాదే సుమారు లక్షా పాతిక వేలమంది అమెరికాకు శరణార్థులుగా వచ్చారు. ఆ తరువాత కూడా ఎన్నో ఏళ్ళపాటు చిన్న చిన్న పడవల్లో సముద్రం మీదికి వచ్చేసినవాళ్ళున్నారు. మా పక్కింటావిడ 1979లో అలా పడవెక్కిందే. టెక్సాస్ సముద్రతీరపు ఉక్క వాళ్ళకు సొంతవూరిలా తోచింది, రొయ్యల పడవల మీద పని దొరికింది. ఇప్పుడు హ్యూస్టన్‌లో బెల్లెయిర్ బులెవార్డ్ అనే పెద్ద బజారు వెంట వెళితే మైళ్ళ పొడుగునా దుకాణాల మీద వియత్నాం అక్షరాలే.

హోటలు చూస్తే నేను వూహించుకున్నట్టు లేనేలేదు. ఒక పక్కన పొడుగాటి బల్ల, దాని వెనక అరల్లో రంగురంగుల సీసాలు, ముందు ఎత్తు కుర్చీలు. అదే బార్. మిగిలినదంతా భోజనాల గది. చంకలో పిల్లలతో తల్లులు, కర్ర పట్టుకున్న తాతలు, స్కూలు పిల్లలు. ఫుల్ బార్ అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అక్కడ కొన్ని హోటళ్ళకు బీరు, ద్రాక్ష సారాయి మాత్రమే అమ్మడానికి అనుమతి వుంటుంది. విస్కీ, రమ్ము, జిన్ను వంటి ఘాటువి కూడా అమ్మే లైసెన్సు వున్నదాన్ని ఫుల్ బార్ అంటారు. అంతేగాని, లోపలికి వెళ్ళిన ప్రతివాళ్ళూ తాగాలని కాదు. 21 ఏళ్ళు నిండనివాళ్ళకు అమ్మడం అక్కడ నేరం. తాగినవాడు బండి నడిపితే జైలే. అందుకని నలుగురు కలిసి వెళితే ఒకరు ముట్టకుండా వుండి, మిగతావాళ్ళను ఇళ్ళకు చేరుస్తారు. ఆ రోజు మాకు ఆ చిక్కు లేదు. మా అల్లుడు నా ముందు ఎలాగూ ముట్టడు!

సరే, కూర్చున్నాము. నా మొదటి భయం తిండిది. ఈ భయం ఉత్తది కాదు. మా అమ్మాయి అమెరికా వెళ్ళిన కొత్తలో వేరే ఒక హోటల్లో "మాంసం వద్దు" అని చెప్పి కూరగాయల సేవలు తెప్పించుకున్నదట. సగం తిన్నాక ఏదో వాసన వచ్చి అడిగితే, "మాంసం లేదండీ, చేపల రసం మాత్రం వుంది" అన్నారట. వాళ్ళు అబద్ధమాడలేదు. వాళ్ళ లెక్కలో అది మాంసం కాదు, మన ఉప్పులాంటిది. ఇది బాగా గుర్తుపెట్టుకోవలసిన విషయం.

ఆ చేపల రసాన్ని నూక్ మమ్ అంటారు. నెత్తళ్ళవంటి చిన్న చేపలను ఉప్పు కలిపి పెద్ద పెద్ద కొయ్య పీపాల్లో ఏడాదిపాటు మాగబెడితే దిగే తేనెరంగు ద్రవం అది. ఫూ క్వాక్ అనే ద్వీపం దానికి పేరుపడ్డది. మనకు ఇంగువ, చింతపండు ఎలాగో వాళ్ళకు అది అలాగ. కూరలో పడుతుంది, పులుసులో పడుతుంది. దానిలోనే నిమ్మరసం, పంచదార, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ కలిపి నంజుకునే పచ్చడిగా పక్కన పెడతారు. చూడడానికి పలచటి చారులాగా వుంటుంది, కాబట్టి పప్పులో కాలేసే ప్రమాదం వుంది.

మరి దీనికి మార్గమేమిటి? మార్గం ఒక్క మాటలో వుంది. ఆ మాట "చయ్". వియత్నాం భాషలో చయ్ అంటే శాకాహారం. వాళ్ళలో చాలామంది బౌద్ధులు. బౌద్ధ ఆచారం ప్రకారం చేసే ఈ వంటలో మాంసం, చేప వుండవు, ఆ చేపల రసమూ వుండదు, దాని బదులు సోయా రసం పోస్తారు. నిష్ఠగా చేసేవాళ్ళు ఉల్లి, వెల్లుల్లి కూడా వెయ్యరు. కార్తీక మాసంలో మన ఇళ్ళలో పాటించినట్టే! "తోయ్ అన్ చయ్" అంటే నేను శాకాహారం తింటానని. అయితే పలకడంలో జాగ్రత్త కావాలి. కురచగా చయ్ అనాలి. మనకు అలవాటైన టీ మాటలాగా దీర్ఘం తీసి "చాయ్" అన్నారో, వాళ్ళ భాషలో సీసా అని అర్థం! బార్ వున్న హోటల్లో కూర్చుని నేను ధైర్యంగా "చాయ్, చాయ్" అని రెండుసార్లు అన్నాను. వడ్డించే కుర్రవాడు ఒకసారి నావంకా, ఒకసారి సీసాల అరవంకా చూశాడు. ముసలావిడ పకపకా నవ్వి సంగతి చెప్పాక, సిగ్గుతో నాకూ నవ్వు ఆగలేదు.

ఆ నవ్వుతోనే అసలు సంగతి బయటపడింది. ఆవిడ తనకూ చయ్యే తెమ్మన్నది. నా కోసం కాబోలని మొహమాటపడ్డాను. మా అమ్మాయి అడిగి చెప్పింది. వాళ్ళకు చాంద్రమానపు నెలలో మొదటి రోజూ పదిహేనో రోజూ, అంటే మన అమావాస్య, పౌర్ణమి వేళల్లో మాంసం ముట్టని నియమం వుందట. "మీ అమ్మగారు ఒక్కరే వేరే తింటున్నానని అనుకోకూడదు గనుకనే నేను పౌర్ణమినాడు పిలిచాను" అన్నదావిడ. చూశారా! నేను రాకుండా వుండడానికి ఏ పౌర్ణమిని సాకు పెట్టుకున్నానో, నేను రావాలని ఆవిడ ఆ పౌర్ణమినే ఏరి పెట్టింది. నా తల వంగిపోయింది.

ఇక వంటకాల సంగతి. మొదట వచ్చింది గోయ్ కూన్. పల్చటి బియ్యపు రేకులో సన్నసేవలు, పాలకూరలాంటి పచ్చి ఆకులు, దోసకాయ, పుదీనా, సోయా గింజల పాలు విరిచి చేసే టోఫూ ముక్కలు పెట్టి చుట్టిన చుట్ట. నూనె చుక్క లేదు. వేయించేది లేదు. ఆ రేకు చేతిలోకి తీసుకోగానే నాకు ఆత్రేయపురం గుర్తుకు వచ్చింది. మన పూతరేకులకు కుండ బోర్లించి, కింద సెగపెట్టి, పలచటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. వాళ్ళేమో కుండలో నీళ్ళు మరగబెట్టి, మూతికి గుడ్డ బిగించి, ఆ గుడ్డమీద పిండి పూసి ఆవిరికి వుడకనిస్తారు. తరువాత వెదురు తడికల మీద ఎండబెడతారు. తినేముందు నీళ్ళలో తడిపితే మెత్తబడుతుంది. అదే కుండ, అదే బియ్యం, అదే గుడ్డ. మనం నెయ్యీ బెల్లమూ పెట్టి మడిచాము, వాళ్ళు ఆకులు పెట్టి చుట్టారు! మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెబితే ఆవిడ వేళ్ళతో రేకు మందం కొలిచి, "మీది ఇంకా పల్చనా?" అని అడిగింది. ఈసారి వచ్చినప్పుడు తెస్తానని మాట ఇచ్చాను.

రెండోది బాన్ సేవో. చూస్తే మన అట్టే. బియ్యప్పిండిలో పసుపు, కొబ్బరిపాలు కలిపి పెనం మీద పోస్తారు. పోసినప్పుడు వచ్చే "సుయ్" మనే చప్పుడే దాని పేరట. మామూలుగా లోపల రొయ్యలు, పంది మాంసం పెడతారు. మాకు పుట్టగొడుగులు, పెసర మొలకలు పెట్టించారు. ముక్క తుంచి పచ్చి ఆకులో చుట్టుకుని తినాలి. నేను మాత్రం చేత్తో తుంచి హాయిగా అట్టు తిన్నట్టే తిన్నాను.

వియత్నాం వంటల్లో లోకమంతటా పేరున్నది మాత్రం ఫో. రాయడం అలా రాసినా, పలికేటప్పుడు ఫకీ ఫాకీ మధ్యగా, ఏదో ప్రశ్న అడుగుతున్నట్టు సాగదీస్తారు. అది బియ్యపు సేవల మీద పోసిన వేడి పులుసు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హనోయ్, నామ్ దిన్ ప్రాంతాల్లో పుట్టింది. 1954లో దేశం రెండుగా చీలినప్పుడు ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళతో దక్షిణానికి, 1975 తరువాత శరణార్థులతో ప్రపంచమంతటికీ ప్రయాణం చేసింది. మామూలు ఫో గొడ్డు ఎముకలను గంటల తరబడి మరిగించి చేసేది. కాబట్టి "పైన మాంసం ముక్కలు వేయకండి" అని చెబితే సరిపోదు. పులుసే మాంసానిది! "ఫో చయ్" అని అడగాలి. దానికి ముల్లంగి, క్యారట్, పుట్టగొడుగులు మరిగిస్తారు. అల్లం, ఉల్లి నిప్పుల మీద కాల్చి వేస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, ధనియాలు వేస్తారు. ఆ గిన్నె మూత తియ్యగానే మన ఇంట్లో పలావు దమ్ము తీసిన వాసన వచ్చింది నాకు. పక్కన ఒక పళ్ళెం నిండా తులసి జాతి ఆకు, కొత్తిమీర, మొలకలు, నిమ్మ చెక్కలు, పచ్చిమిరపకాయలు పెడతారు. ఎవరి రుచికి తగ్గట్టు వారు కలుపుకోవాలి. వంట మనిషి సగం చేస్తే, తినేవాళ్ళు మిగతా సగం చేస్తారన్నమాట. మన విస్తట్లో ఉప్పు, ఊరగాయ, నెయ్యి ఎవరికి కావలసినంత వారు వేసుకున్నట్టే గదా!

భోజనం మధ్యలో ఒక చిన్న గండం గడిచింది. నాకోసం తెప్పించిన లిచీపళ్ళ షర్బతూ, వెనక బల్లవాళ్ళు తెప్పించుకున్న మద్యం కలిపిన లిచీ పానీయమూ ఒకే రంగు, ఒకే రకం గ్లాసు, పైన ఒకే పుదీనా రెమ్మ. కుర్రవాడు రెండూ ఒకే పళ్ళెంలో తెచ్చాడు. ముసలావిడ చెయ్యి చాచి ఆపి, "ఏది ఏదో ముందు చెప్పు" అని అడిగి, వాసన చూసి మరీ నా ముందు పెట్టింది. కాబట్టి బార్ వున్న చోట పళ్ళరసం అని పేరు చూసి మాత్రం మోసపోకండి. "ఇందులో ఆల్కహాల్ లేదు గదా?" అని తెప్పించేటప్పుడు ఒకసారి, బల్లమీద పెట్టేటప్పుడు ఒకసారి అడగండి. పిల్లలు పక్కన వుంటే మరీను. అలా అడిగితే అక్కడ ఎవ్వరూ నవ్వరు.

చివరికి కాఫీ వచ్చింది. ఇక్కడ మాత్రం నేను ఓడిపోయానని ఒప్పుకుంటాను. మన ఫిల్టరులాంటిదే చిన్న సత్తు గిన్నె గ్లాసు మీద కూర్చోబెడతారు. దాన్ని ఫిన్ అంటారు. బొట్టు బొట్టుగా డికాషన్ కిందికి దిగుతుంది. గ్లాసు అడుగున తియ్యటి చిక్కపాలు, పైన మంచు ముక్కలు. ఫ్రెంచివాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలో కాఫీ మొక్క తీసుకువచ్చారు. పచ్చిపాలు దొరకడం కష్టం గనుక డబ్బాపాలు అలవాటయ్యాయి. ఇవాళ కాఫీ పంటలో బ్రెజిల్ తరువాత వియత్నామే. మన అరకులో పండేది అరబికా, సున్నితమైన రుచి. వాళ్ళది ఎక్కువభాగం రోబస్టా, చేదు జాస్తి, అందుకే ఆ తీపి పాలు తోడు. బొట్టు పడేదాకా ఆగాలి, తొందరపడకూడదు. ఆ ఆగే కాసేపట్లోనే మాటలు నడుస్తాయి.

మాకూ అలాగే నడిచాయి. "మీ దేశంలో ఆడవాళ్ళు సారా కొట్లు మూయించారటగా?" అని అడిగిందావిడ. మా అమ్మాయి ఎప్పుడో చెప్పి వుంటుంది. చెప్పాను. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు 1992లో సారా పాటలను అడ్డుకున్నారని, అది రాష్ట్రమంతా పాకిందని, 1993లో సారా, 1995లో మద్యం మొత్తం నిషేధించారని, 1997లో ఆ నిషేధం సడలిపోయిందని. మా అక్క బిందె సంగతి కూడా చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత మెల్లిగా అన్నది: "నేనూ మా అబ్బాయిని బార్ వద్దన్నాను. రాత్రంతా మరిగించిన ఫోకి జనం పెద్ద ధర ఇవ్వరమ్మా, అద్దె కట్టేది ఆ సీసాలే అన్నాడు. నేను ఈ కుర్చీలో ఎప్పుడూ అటు వీపు పెట్టి కూర్చుంటాను" అని, నవ్వుతూ, "కాని నువ్వు మాత్రం మా అబ్బాయి కొట్టు మూయించకు!" అన్నది. నేను చూసుకోలేదు, నన్ను కూడా ఆవిడ అటు వీపు వుండేట్టుగానే కూర్చోబెట్టింది.

అక్కడ కూర్చున్నంత మాత్రాన తాగుడు మీద నా అభిప్రాయం మారలేదు. మారనక్కర్లేదు కూడా. కాని ఆ సీసాల వెనక వున్న మనుషులందరూ మా బావగారు కారని, ఆ బల్లకు వీపు పెట్టి కూర్చున్న ఇంకో తల్లి కూడా వుంటుందని తెలిసింది.

ఇప్పుడు మన హైదరాబాదులోనూ ఫో వడ్డించే హోటళ్ళు వచ్చాయి. రేపు మీ అబ్బాయో, అమ్మాయో మిమ్మల్ని తీసుకువెళతానంటే నాలుగు సంగతులు గుర్తుంచుకోండి. వెజిటబుల్ అన్న మాటతో ఆగక, చేపల రసం వుందా, పులుసు దేనితో మరిగించారు, పిండిలో గుడ్డు కలిపారా అని విడివిడిగా అడగండి. వేరుశనగ పడనివాళ్ళుంటే ముందే చెప్పండి, నంజుళ్ళలో అది తరచుగా వుంటుంది. గ్లాసులో ఏమున్నదో రెండుసార్లు అడగండి. అడగడంలో తప్పు లేదు. అడక్కుండా ముఖం చిట్లించడంలోనే తప్పంతా వుంది. ఆ తప్పు నేను చేయబోయి తప్పించుకున్నాను.

తిరిగి వచ్చేరోజున ముసలావిడ నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. విప్పి చూస్తే ఒక ఫిన్, ఒక కట్ట బియ్యపు రేకులు. మా ఇంట్లో ఇప్పుడు రోజూ సాయంత్రం ఆ ఫిన్‌లోనే కాఫీ దిగుతోంది. పూతరేకులకు ఆత్రేయపురం కబురు పంపాను. మా అమ్మాయి దగ్గరకు వెళ్ళేవాళ్ళెవరైనా వుంటే జాగ్రత్తగా, విరక్కుండా పట్టుకెళ్ళాలి మరి.